హెంప్ చేలో పసుపు, వాడిపోవడం, ముడత: ఆకు కంటే ముందు చేను చూడండి

మీరు అడిగింది ఇదీ: విత్తనంతో వేసిన హెంప్ చేనుకు 45 రోజులు. కొన్ని తావుల్లో మొక్కలు పసుపుబారి గిడసబారాయి. ఇంకొన్ని మొక్కలు మధ్యాహ్నానికి తల వేలాడేస్తున్నాయి. గట్టు వైపు చిగుళ్లు ముడుచుకుంటున్నాయి. ఒకరు వైరస్ అన్నారు, ఇంకొకరు సూక్ష్మధాతు లోపం అన్నారు. ఇద్దరి మాటా విని రెండు మందులు కొట్టారు, తేడా లేదు. ఇక ఏం కొట్టాలి? జతగా ఒక ఆకు ఫోటో పెట్టారు.

ఏం కొట్టాలో ఇప్పుడే చెప్పను. దాచుకోవడం కాదు, నిజంగా తెలియదు. ఆ ఫోటోలో ఉన్న పసుపుకు పది కారణాలు ఉండొచ్చు. నత్రజని తక్కువైనా అలాగే ఉంటుంది, నీరు నిలిచినా అలాగే ఉంటుంది, వేరు కుళ్లినా, కాండంలో పురుగు ఉన్నా అలాగే ఉంటుంది. ఆకుకు బాధ చెప్పుకోవడానికి ఉన్న మాటలు చాలా తక్కువ: పసుపు, మచ్చ, ముడత, ఎండు. దెబ్బ కొట్టింది ఎవరో అది చెప్పలేదు, దెబ్బ తగిలిందని మాత్రం చెబుతుంది. ఎవరో తెలియాలంటే చేను మొత్తం చూడాలి, తర్వాత వేరు చూడాలి, ఆకును చివర్లో చూడాలి. మనం దాదాపు అందరం దీన్ని తలకిందులుగా చేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను.

ఇంకో మాట. మూడు లక్షణాలు కనబడ్డాయి కాబట్టి మూడింటికీ మూలం ఒకటే అనుకోకండి. ఒకే జబ్బు, ఒకే మందు అయితే బాగుండునని ఎవరికైనా ఉంటుంది. మీ వివరణ చదివితే మాత్రం పసుపు ఒక గొడవ, వాడిపోవడం ఒక గొడవ, గట్టు పక్క ముడత ఇంకో గొడవ అనిపిస్తోంది.

అసలు విషయంలోకి వెళ్లేముందు పేరు గురించి ఒక ముక్క. హెంప్ అంటే జనుము కాదు, గోగు కూడా కాదు. మూడూ నార పంటలే కావడంతో మాటల్లో కలిసిపోతుంటాయి. జనుము పప్పుజాతి మొక్క, వేరుబుడిపెల్లో నత్రజనిని తనే కూర్చుకుంటుంది. హెంప్ గంజాయి జాతిది, మత్తు పదార్థం చాలా తక్కువగా ఉండేలా ఎంచిన రకాలు. దానికి ఆ విద్య రాదు, నత్రజని మనమే పెట్టాలి. ఇది పుస్తకం మాటలా ఉన్నా చేలో పనికొస్తుంది. ఒకసారి ఒక రైతు మొక్క పీకి, వేర్లకున్న ఉబ్బులు చూపించి, నత్రజని బుడిపెలు బాగా కట్టాయని సంతోషపడ్డాడు. హెంప్ వేరుకు బుడిపె ఉందంటే అది నులిపురుగు పనే అయి ఉంటుంది. పప్పుజాతి బుడిపె వేరు పక్కన అతికించినట్టుండి గోటితో గీకితే రాలిపోతుంది. నులిపురుగు ఉబ్బు వేరులోనే ఉంటుంది, గీకితే రాదు.

ఇక జబ్బు కానివాటిని ముందే పక్కన పెట్టేద్దాం, ఎందుకంటే వీటికి కొట్టిన మందులే ఎక్కువ. హెంప్‌లో చాలా రకాలకు ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. విత్తనంతో వేస్తే సుమారు సగం మగవి వస్తాయి. మగ మొక్క సన్నగా, కాస్త ఎత్తుగా పెరుగుతుంది, ముందు పూస్తుంది, పుప్పొడి రాల్చేశాక పసుపుబారి ఎండిపోతుంది. దాని ఆయుష్షు అంతే. చేలో అక్కడొకటి ఇక్కడొకటి, పక్క మొక్క పచ్చగా ఉండగానే ఎండుతుంటే చూసేవాళ్లకు టెన్షన్ వస్తుంది. అచ్చం ఎండు తెగులులా కనిపిస్తుంది మరి. అలాంటి మొక్కలు ఓ ఇరవై ఎంచి కణుపుల దగ్గర చూడండి. ఎండేవన్నీ చిన్న మొగ్గలు గుత్తులుగా వేలాడే మగవే, తెల్లటి వెంట్రుకల్లాంటి పోగులున్న ఆడ మొక్కలు ఒక్కటీ లేవంటే ఇంటికెళ్లి నిద్రపోవచ్చు. తెగులు ఆడా మగా చూడదు. అయితే మీ చేను వయసు 45 రోజులే, మగవి పుప్పొడి రాల్చి ఎండేంత కాలం కాలేదు, ముందుగా పూసే రకమైతే తప్ప. ముందు ముందు ఈ దృశ్యం వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

ఒత్తుగా వేసిన నార పంటలో కింది ఆకులు నీడకు పసుపుబారి రాలడమూ మామూలే. బక్క మొక్కలు బలమైనవాటి కింద చచ్చిపోవడమూ మామూలే. చల్లని రాత్రుల్లో కాడలు ఊదారంగుకు తిరగడం కొన్ని రకాల స్వభావం. పూత దశలో మొక్క పైకి పోయేకొద్దీ ఆకులో రెక్కలు ఏడు నుంచి ఐదుకు, మూడుకు తగ్గుతాయి, అదీ జబ్బు కాదు. మోకాలెత్తు మొక్క పూతకొచ్చిందని కొందరు కంగారుపడతారు. పగలు ఎక్కువసేపు ఉండే ప్రాంతాల కోసం ఎంచిన రకాన్ని పగలు తక్కువుండే చోట వేస్తే మొక్క పెరగకముందే పూస్తుంది. దానికి మందు లేదు, వచ్చేసారి రకం మార్చడమే.

ఇప్పుడు చేను. పొద్దున్నే, ఎండ నెత్తికెక్కకముందు, ఒక కాగితం మీద చేను గీసుకుని తిరగండి. గట్టు వెంట కాదు, అడ్డంగా, ఐమూలగా నడవండి. తేడా ఉన్న తావులు కాగితం మీద గీయండి. డ్రోన్ ఉన్నవాళ్లను ఎవరినైనా అడిగి పై నుంచి ఒక ఫోటో తీయించగలిగితే మరీ మంచిది. ఆ బొమ్మ చూస్తే సగం జవాబు అక్కడే ఉంటుంది.

సరళరేఖలు ప్రకృతికి అలవాటు లేదు. తేడా సాళ్ల వెంట గీత గీసినట్టు ఉంటే, ఒక గీత దగ్గర మొదలై ఇంకో గీత దగ్గర ఆగితే, అది మనిషి పనో యంత్రం పనో అయి ఉంటుంది: ఎరువు వెదజల్లే యంత్రం ఒక దారి వదిలేసింది, ట్రాక్టరు చక్రం నేలను తొక్కేసింది, డ్రిప్ గొట్టం మూసుకుపోయింది, స్ప్రేయర్ నాజిల్ ఒకటి ఎక్కువ పోసింది. పల్లంలో, నీరు పారే దారి వెంట ఉంటే నీటి గొడవ, లేదా నీటిని నమ్ముకున్న తెగులు. గుండ్రంగా ఒకచోట మొదలై వారం వారం వెడల్పవుతుంటే నేలలో ఉన్న శిలీంధ్రం, నులిపురుగు, నల్లి గుంపు. గట్టు దగ్గర ఎక్కువగా ఉండి లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంటే బయటి నుంచి వచ్చింది: గాలికి కొట్టుకొచ్చిన కలుపు మందు, లేదా పక్క పైరు మీంచి ఎగిరొచ్చిన పురుగు. ఆరోగ్యంగా ఉన్న మొక్కల మధ్య ఒంటరిగా అక్కడొకటి ఇక్కడొకటి అయితే వైరస్, విత్తనంతో వచ్చిన లోపం, కాండం తొలిచే పురుగు. చేను మొత్తం ఒకేలా ఉంటే నేల, వాతావరణం, ఎరువు, రకం. పిడుగు పడితే గుండ్రటి తావు ఒక్క రోజులో వాడిపోతుంది. అరుదే గానీ, అది చూసి శిలీంధ్రం మందు పోసినవాళ్లున్నారు.

రెండో ప్రశ్న, ఎప్పుడు? రాత్రికి రాత్రి వచ్చి అక్కడే ఆగిపోయినది బతికున్న జీవి పని కాదు. తెగులు రోజురోజుకూ పాకుతుంది, పాత మచ్చ పక్కన కొత్త మచ్చ పెడుతుంది. మందు దెబ్బ ఒక్కసారి పడుతుంది, తర్వాత వచ్చే ఆకులు మెల్లగా బాగవుతాయి. అందుకే పది బాగాలేని మొక్కలకు, పది బాగున్నవాటికి గుడ్డ పీలికలు కట్టి, నాలుగు రోజులాగి మళ్లీ అవే చూడండి. జ్ఞాపకం మీద ఆధారపడకండి. ఆందోళనలో ఉన్నప్పుడు చేను ప్రతిరోజూ నిన్నటికంటే దిగజారినట్టే కనిపిస్తుంది.

మూడోది, కలుపు. దీన్ని ఎవరూ చూడరు. గట్టు వైపు హెంప్ చిగుళ్లు ముడుచుకున్నాయన్నారు కదా, అక్కడే ఉన్న వెడల్పాకు కలుపు మొక్కలు ఎలా ఉన్నాయి? వాటి చిగుళ్లు కూడా మెలితిరిగి, కాడలు పాముల్లా వంకర్లు పోయి, పక్కనున్న గడ్డి మాత్రం నిక్షేపంగా ఉంటే, అది 2,4-డి, డైకాంబా లాంటి హార్మోను తరహా కలుపు మందు తుంపర. ఈ మందులకు హెంప్ చాలా సున్నితం. తెగుళ్లకు, పురుగులకు సాధారణంగా ఇష్టాయిష్టాలు ఉంటాయి. పది జాతుల మొక్కలను ఒకే రోజు ఒకేలా మెలిపెట్టేది ఏదీ లేదు. పక్క చేలో ఆ వారం ఏం కొట్టారో మర్యాదగా కనుక్కోండి, తగువు తర్వాత పెట్టుకోవచ్చు.

దీన్ని నేను ఇంటి దగ్గరే నేర్చుకున్నాను. ఒక ఏడాది ఆకుల మీద పోషకం కొట్టడానికి స్ప్రేయర్ అడిగి తెచ్చుకున్నాను. వారానికి మొదటి పాతిక సాళ్లలో చిగుళ్లన్నీ గిన్నెల్లా ముడుచుకున్నాయి. నాకు తెలిసిన ఇద్దరు పెద్దలు వచ్చి చూసి వైరస్ అన్నారు, పీకేయమన్నారు. సగం పీకాక సాళ్లు లెక్కపెట్టాలన్న బుద్ధి పుట్టింది. మొదటి సాలులో ముడత ఎక్కువ, పదో సాలుకు తక్కువ, పాతికో సాలు దాటితే లేదు. రెండో ట్యాంకు నింపిన చోటు నుంచి చేను శుభ్రంగా ఉంది. ట్యాంకు అడుగున, గొట్టాల్లో, నాజిల్ జల్లెడలో మిగిలిన కలుపు మందు అది. వైరస్ ట్యాంకులు లెక్కపెట్టుకుని రాదు. పీకని సాళ్లు మూడు వారాల్లో మామూలు ఆకులు వేశాయి.

మధ్యాహ్నం తల వాల్చే మొక్కల సంగతి. సాయంత్రానికి లేస్తున్నాయా, పొద్దున కూడా అలాగే ఉన్నాయా? ఇది మీరు రాయలేదు, చాలా ముఖ్యం. సాయంత్రం లేస్తుంటే వేరు బతికే ఉంది కానీ పైభాగం అడిగినంత నీరు అందించలేకపోతోంది. పొద్దున కూడా లేవకపోతే మొక్కలో నీరు పైకెక్కే దారి ఎక్కడో తెగిపోయింది. ఏదైనా, నీళ్లు పెట్టేయకండి. ముందు వేలు పెట్టి చూడండి, జానెడు లోతు తవ్వి మట్టి పిడికిలి పట్టండి. నీరెక్కువైన మొక్క కూడా నీరు లేని మొక్కలాగే వాడుతుంది, వేరుకు గాలి అందక. హెంప్ ఎండను ఓర్చుకుంటుంది గానీ నిలవ నీటిని ఓర్చుకోదు, మొదటి మూడు నాలుగు వారాల్లో అసలే ఓర్చుకోదు. అప్పుడు రెండు రోజులు పాదాల్లో నీరు నిలిచిన తావు ఇప్పుడు 45వ రోజున పసుపుగా, గిడసగా కనిపించడం నాకు వింతేమీ కాదు. మీ పసుపు తావుల మీద నా మొదటి అనుమానం ఇదే.

తర్వాత పీకండి, కాదు, తవ్వండి. పీకితే అసలు సాక్ష్యం మట్టిలోనే తెగి ఉండిపోతుంది. పారతో చుట్టూ తవ్వి, మట్టి పెళ్లతో తీసి, బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. వాడినవి మూడు, పసుపువి మూడు, బాగున్నవి మూడు. తొమ్మిదీ ఒక సంచి మీద వరసగా పరిచి చూడండి. బాగున్నదాన్ని పక్కన పెట్టకుండా జబ్బుదాన్ని చూడటమంటే తెలియని భాషలో తప్పులు వెతకడం లాంటిది.

తల్లివేరు తిన్నగా కిందికి దిగిందా, లేక నాలుగు వేళ్ల లోతులో అడ్డం తిరిగి కొడవలిలా వంగిందా? వంగితే అక్కడ నేల గట్టిపడిన పొర ఉంది, లేదా విత్తేటప్పుడు తడి నేలను తొక్కేశారు. ఆ మొక్కకు ఏ మందూ పనిచేయదు, తరచుగా కొద్దికొద్దిగా నీరిచ్చి నెట్టుకురావడమే. సన్న వేర్లు తెల్లగా ఉన్నాయా, గోధుమ రంగా? గోధుమ రంగు వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగండి. పైతొక్క తొడుగులా ఊడొచ్చి మధ్యలో దారం లాంటి ఈనె మిగిలితే పైథియం లాంటి వేరుకుళ్లు. తడి తావుల్లో మొదటి ముద్దాయి అదే.

వేరు బాగుందా? మొదలు చూడండి, మట్టి ఆనే చోట. అక్కడ తెల్లటి బూజు విసనకర్రలా పరుచుకుని, ఆవగింజల్లాంటి గోధుమ రంగు గుండ్రటి గింజలు అంటుకుని ఉంటే స్క్లెరోషియం మొదలుకుళ్లు. వేడి, తేమ రెండూ ఉన్నప్పుడు వస్తుంది. ఆ గింజలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి, మొక్కను ఈడ్చుకుంటూ చేనంతా తిప్పకండి, సంచిలో వేసి బయటికి తీయండి. మొదలు కూడా బాగుంటే కాండాన్ని కత్తితో నిలువుగా చీల్చండి. చెక్క భాగంలో గోధుమ రంగు చారలు పైకి పాకి ఉంటే ఫ్యుజేరియం ఎండు తెగులు. ఇందులో మొక్కలో ఒక పక్క కొమ్మలే ముందు వాడటం కూడా చూస్తాం. కాండం లోపల తెల్లటి దూది, అందులో ఎలుక పెంటికల్లాంటి నల్లటి గడ్డలు ఉంటే తెల్లబూజు కుళ్లు, అది సాధారణంగా చల్లటి తేమ వాతావరణంలో, పైరు కమ్ముకున్నాక వస్తుంది. మధ్యలో సొరంగం, తొలిచిన పొట్టు ఉంటే కాండం తొలిచే పురుగు. దీనికి ముందే బయట ఆనవాలు ఉంటుంది: కణుపు దగ్గర ఉబ్బు, చిన్న రంధ్రం, దాని పైభాగం మాత్రమే వాడటం.

ఇక్కడ ఒక హెచ్చరిక. చచ్చిన వేరును ల్యాబ్‌కు పంపితే దాదాపు ఎప్పుడూ ఫ్యుజేరియం దొరుకుతుంది. చచ్చినదాన్ని తినే ఫ్యుజేరియాలు నేలంతా ఉన్నాయి. శవం దగ్గర ఈగలు కనబడ్డాయని ఈగలే చంపాయనం కదా. చావబోతున్న మొక్కను, చారలు ఇంకా పైకి పాకుతున్నదాన్ని పంపితేనే ఆ ఫలితానికి విలువ.

పసుపు సంగతికి ఇప్పుడు వద్దాం. ఒక్కటే అడగండి: పసుపు ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా? నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదులుతాయి. కరువొస్తే మొక్క ముసలి ఆకుల్లోంచి లాగి చిగురుకు పెడుతుంది, కాబట్టి లోపం కింది ఆకుల్లో కనిపిస్తుంది. ఆకు మొత్తం సమంగా పాలిపోతే నత్రజని. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం. అంచులు కాలినట్టయితే పొటాష్, లేదా నీటిలో ఉప్పు. కాల్షియం, ఇనుము, మాంగనీసు, బోరాన్ కదలవు, లోపం చిగురులో కనబడుతుంది. లేత ఆకులో ఈనెలు పచ్చగా, మధ్య నిమ్మపండు రంగులో ఉంటే ఇనుము. అయితే ఇనుము నేలలో లేక కాదు, నేల పీహెచ్ 7.5 దాటితేనో, వేర్లు తడిలో మునిగితేనో మొక్కకు అందక. హెంప్‌కు 6 నుంచి 7.5 మధ్య హాయి.

మీరు కొట్టిన సూక్ష్మధాతు మిశ్రమం పనిచేయలేదన్నారు. ఎక్కడ చూసి అన్నారు? పసుపైన పాత ఆకు చాలాసార్లు తిరిగి పచ్చబడదు. మందు తర్వాత పుట్టిన ఆకును చూడాలి. ఇనుము అనుమానమైతే చేనంతా తడపనక్కర్లేదు. అయిదు మొక్కలకు పీలికలు కట్టి వాటి చిగుళ్లకు మాత్రం ఇనుము ద్రావణం లేబుల్ మీద ఉన్న పాళ్లలో పిచికారీ చేయండి. వారం పది రోజుల్లో వాటి చిగురు పచ్చబడి పక్క మొక్కలవి పసుపుగానే ఉంటే జవాబు దొరికినట్టే. ఏ మందు కొట్టినా ఒక పట్టీ కొట్టకుండా వదిలేయండి. ఆ పట్టీ లేకపోతే మందు పనిచేసిందో వాన పనిచేసిందో జన్మలో తెలియదు.

నీరు నిలిచిన తావులో నత్రజని లోపమే కనబడుతుంది, అది నిజమే. నీళ్లలో మునిగిన నేలలో నత్రజని కొంత వాయువై ఎగిరిపోతుంది, కొంత కిందికి జారిపోతుంది, మిగిలినది తీసుకోవడానికి వేరుకు ఊపిరి లేదు. అందుకని ముందు నీరు బయటికి పోయే దారి చేసి, కొత్త తెల్ల వేర్లు కనబడ్డాకే యూరియా గురించి ఆలోచించండి. వేరు లేని మొక్కకు ఎరువు పెట్టడం నోరు లేనివాడికి విస్తరి వేయడమే.

ముడతకు కలుపు మందు కారణం కాదని తేలితే భూతద్దం తీయండి. మామూలు భూతద్దం కాదు, కనీసం 20 రెట్లు పెద్దది చేసి చూపేది. హెంప్‌కు ప్రత్యేకంగా ఒక నల్లి ఉంది, రస్సెట్ నల్లి అంటారు. పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు, కంటికి ఆనదు. ఎర్రనల్లిలా గూడు అల్లదు, చుక్కలు పెట్టదు. ఆకు అంచులు పడవలా పైకి లేస్తాయి, ఆకు మెరుపు పోయి బూడిద పట్టినట్టు, తర్వాత కంచు రంగుకు తిరుగుతుంది. భూతద్దంలో చూస్తే లేత పసుపు రంగు క్యారెట్ ముక్కల్లాంటివి ఒక కొనకు నాలుగే కాళ్లతో పాకుతుంటాయి. చాలామంది దీన్ని పొటాష్ లోపమో ఎండ దెబ్బో అనుకుని నెల పోగొట్టుకుంటారు. కొమ్మ ముక్కలతో పెంచిన నారుతో, బట్టలతో, గాలితో వస్తుంది. అందుకే అనుమానమున్న తావుకు అన్నిటికంటే చివర్లో వెళ్లండి, బట్టలు మార్చకుండా బాగున్న తావుకు పోకండి. గంధకం కొన్నిచోట్ల వాడతారు, కానీ పూత మీద కొట్టకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు మాడుతుంది, నూనె మందు కొట్టిన రెండు వారాల్లోపు అసలు కొట్టకూడదు.

ఎర్రనల్లి, పేనుబంక, తామర పురుగులు మీకు ఇతర పైర్లలో తెలిసినవే. ఆకు అడుగున చూస్తే కనబడతాయి. తెల్లకాగితం పెట్టి కొమ్మ తడితే రాలి పాకుతాయి. ఎక్కువ చెప్పను.

వైరస్ మాట చివర్లో. ఉండవు అనను. అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో బీట్ కర్లీ టాప్ వైరస్ హెంప్‌ను బాగా ఇబ్బంది పెడుతోంది. దాన్ని ఒక జాతి దీపపు పురుగు మోస్తుంది. లేత ఆకు మొదట్లో పసుపు మరకలతో మొదలై, ఆకులు మెలితిరిగి, మొక్క పొట్టిబారుతుంది. ఒక్కోసారి ఒకే మొక్కలో కొన్ని కొమ్మలు బాగుండి కొన్ని ఇలా అవుతాయి. హాప్ లేటెంట్ వైరాయిడ్ అని, వైరస్ కంటే చిన్నది, ఇంకొకటుంది, కాండం పెళుసై, మొక్క గిడసబారి, పూత నాణ్యత పడిపోతుంది. ఇది ముఖ్యంగా కొమ్మ ముక్కలతో, కత్తెరలతో పాకుతుంది. మీది విత్తనపు పైరు కాబట్టి నా జాబితాలో ఇది కిందకు పోతుంది. చిన్న ఆకులు గుబురుగా చీపురుకట్టలా వస్తే, నువ్వుల్లో చూసే వెర్రి తెగులు తరహా ఫైటోప్లాస్మా (బాక్టీరియా లాంటి సూక్ష్మజీవి) కావచ్చు. వీటిలో దేన్నీ కంటితో తేల్చలేం, ల్యాబ్ పరీక్షే. దేనికీ మందు లేదు, పీకడమే. అందుకే ఆ తీర్పు ఇచ్చే ముందు మిగతావన్నీ కాదని తేల్చుకోవాలి.

ఆకు మచ్చలుంటే ఒక సులువైన పని చేయండి. మచ్చలున్న ఆకులు నాలుగు తెచ్చి, అడుగున తడి కాగితం పరిచిన మూత డబ్బాలో నీడన రెండు రోజులు ఉంచండి. శిలీంధ్రమైతే మచ్చ మీద నూగో, నల్లటి చుక్కలో లేస్తాయి. మందు కాలినదో ఎండ దెబ్బో అయితే మచ్చ అలాగే ఉంటుంది. ఆకు పైన పిండి చల్లినట్టుంటే డబ్బా కూడా అక్కర్లేదు, బూడిద తెగులు.

పూత వచ్చాక ఆట మారుతుంది, అది వేరే కథ. ఒక్కటి గుర్తుంచుకోండి: పచ్చటి పూగుత్తిలోంచి ఒక్క ఆకు మాత్రం ఎండి నిలబడితే దాన్ని లాగండి. తేలిగ్గా ఊడొచ్చి లోపల గోధుమ రంగు కుళ్లు, బూడిద రంగు నూగు కనబడితే బోట్రైటిస్ అనే శిలీంధ్రపు కుళ్లు. అక్కడే పురుగు పెంటికలు కూడా ఉంటే గొంగళిపురుగు చేసిన గాయంలోంచి కుళ్లు దిగింది. శనగపచ్చ పురుగు కుటుంబంవాటికి హెంప్ పూత అంటే మహా ఇష్టం.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. పిచికారీలు ఆపండి. హెంప్‌కు అనుమతి ఉన్న మందులు అసలే తక్కువ, లేబుల్ మీద ఈ పంట పేరు లేని మందు కొడితే పైరు బాగుపడినా కొనేవాడి అవశేషాల పరీక్షలో పోవచ్చు. కొట్టిన రెండు మందుల పేర్లు, తేదీలు రాసుకోండి. ల్యాబ్‌కు పంపాల్సి వస్తే ముందు ఫోన్ చేసి హెంప్ తీసుకుంటారో లేదో, లైసెన్సు నకలు జతచేయాలో లేదో అడగండి, దారిలో ఆపితే చూడటానికి ఇది గంజాయే. పూర్తిగా ఎండినవి వద్దు, సగం జబ్బులో ఉన్నవి మూడు నాలుగు, బాగున్నవి రెండు. వేర్లు మట్టితో సహా ఒక సంచిలో కట్టి, ఆకులకు మట్టి తగలకుండా మొక్క మొత్తం పంపాలి. తడిపిన గుడ్డ చుట్టకండి, దారిలో కుళ్లి కొత్త జబ్బులు పుడతాయి. వారం మొదట్లో పంపండి, శనాదివారాలు పార్శిల్ గదిలో పడుండకుండా. పసుపు తావు నుంచి, పచ్చ తావు నుంచి మట్టి విడివిడిగా తీయండి. రెండూ కలిపితే రెండింటి సగటు వస్తుంది, అలాంటి నేల మీ చేలో ఎక్కడా ఉండదు.

ముందు నాకు ఇవి పంపండి: చేను గీసిన బొమ్మ, కడిగిన తొమ్మిది మొక్కల వేర్లు ఒకే ఫోటోలో, చీల్చిన కాండం దగ్గర నుంచి ఒకటి, గట్టు మీద కలుపు మొక్కలది ఒకటి. వాడిన మొక్కలు పొద్దున లేస్తున్నాయో లేదో కూడా రాయండి. మందు సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.